చమురు తెట్టు – ఆఫ్రికన్ పెంగ్విన్లు: స్వచ్ఛంద సంరక్షకుల శిక్షణ చరిత్ర (1968–2000)

వ్యాససంగ్రహం:
దక్షిణాఫ్రికాలోని కేప్ తీరంలో 1968 నుంచి 2000 వరకు సంభవించిన ఓడప్రమాదాల్లో వేలాది ఆఫ్రికన్ పెంగ్విన్లు చమురు తెట్టులో చిక్కుకున్నాయి. వాటిని పట్టి, కడిగి, మేపి తిరిగి సముద్రంలోకి వదిలినవారిలో అత్యధికులు అంతకుముందు పక్షిసంరక్షణతో ఏ సంబంధమూ లేని సామాన్య పౌరులు. వారికి ఏమి నేర్పారు? ఆ బోధన ఏ వైఫల్యాల నుంచి రూపొందింది? దాని ఫలితాలను ఎలా కొలిచారు? అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంరక్షణను చిన్న చిన్న పనులుగా విభజించి, ఒక్కో పనిని కొద్దికాలంలో నేర్పగలగడమే 2000 నాటి విజయానికి ముఖ్యకారణమని ప్రతిపాదిస్తుంది. ఆ విజయానికి ఉన్న పరిమితిని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: ఆఫ్రికన్ పెంగ్విన్, కేప్ తీరం, చమురు కాలుష్యం, స్వచ్ఛంద సేవ, శిక్షణ, శాన్‌కాబ్, అపోలో సీ, ట్రెజర్, పర్యావరణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
వన్యప్రాణి సంరక్షణ చరిత్రను సాధారణంగా చట్టాలు, అభయారణ్యాలు, శాస్త్రవేత్తల కృషి ఆధారంగా రాస్తుంటారు. గాయపడిన ప్రాణిని చేతుల్లోకి తీసుకొని బతికించిన సామాన్యుల శ్రమకు ఆ చరిత్రలో దక్కిన చోటు తక్కువ. ఆ శ్రమను కరుణగానో, పుణ్యకార్యంగానో ప్రశంసించి వదిలివేయడం ఇందుకు ఒక కారణం. అయితే కరుణ ఉన్నంత మాత్రాన చమురులో మునిగిన పక్షి బతకదు. తెలియని చేతులు దాని మరణాన్ని త్వరితం చేయవచ్చు కూడా. కాబట్టి ఏమి చేయాలో, ఏమి చేయకూడదో నేర్పిన క్రమాన్ని ఒక జ్ఞానచరిత్రగా పరిశీలించవలసి ఉంది.

ఈ పరిశీలనకు కేప్ తీరం అనువైన క్షేత్రం. ఒకే తీరంలో, ఒకే జాతి పక్షుల విషయంలో, ఒకే సంస్థ ప్రధాన పాత్ర వహించగా మూడు పెద్ద ప్రమాదాలు 32 ఏళ్ల వ్యవధిలో జరిగాయి. అందువల్ల ఒక ప్రమాదంలో నేర్చుకున్నది తరువాతి ప్రమాదంలో ఎలా ఉపయోగపడిందో గుర్తించే వీలుంది.

2. నేపథ్యం – గుడ్లు, గ్వానో, చమురు:
ఆఫ్రికన్ పెంగ్విన్ నమీబియా, దక్షిణాఫ్రికా తీరాల్లో మాత్రమే గూళ్లు కట్టుకునే స్థానిక పక్షి. చల్లని బెంగ్యులా ప్రవాహంలో దొరికే సార్డీన్, ఆంకోవీ వంటి చిన్నచేపలు దీని ప్రధానాహారం. పెద్దపక్షి బరువు సుమారు 3 కిలోలు. గాడిద ఓండ్రను పోలిన అరుపు దీని ప్రత్యేకత.

ఈ పక్షికి మనిషి వల్ల కలిగిన నష్టం చమురుతో మొదలుకాలేదు. 19వ శతాబ్దం మధ్యభాగంలో పక్షిరెట్టల పొరలను, అంటే గ్వానోను, ఎరువు కోసం దీవుల నుంచి తవ్వి ఓడల్లో తరలించారు. పెంగ్విన్లు ఆ పొరల్లోనే బొరియలు చేసుకొని గుడ్లు పెట్టేవి. ఆ పొరలు పోవడంతో అవి ఎండకూ, వేటాడే పక్షులకూ ఎదురుగా ఆరుబయట గూళ్లు పెట్టుకోవలసి వచ్చింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో గుడ్లను ఆహారం కోసం లక్షల సంఖ్యలో సేకరించారు. ఈ సేకరణ 1960ల చివరికి గాని ఆగలేదు. 1956లో జరిగిన సమగ్ర గణన నాటికి లక్షన్నరకు చేరువగా జతలు మిగిలాయి.

1967 జూన్‌లో అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం కారణంగా సూయజ్ కాలువ మూతపడింది. 1975 జూన్ వరకు అది తెరుచుకోలేదు. పశ్చిమాసియా నుంచి యూరప్‌కు చమురు తీసుకువెళ్లే ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టివెళ్లక తప్పలేదు. తుఫాన్లకు పేరుపడిన కేప్ సముద్రమార్గంలో చమురు ఓడల రద్దీ ఒక్కసారిగా పెరిగింది. ఎక్కడో జరిగిన యుద్ధం ఈ పక్షుల దీవుల పక్కకు చమురు ఓడలను మళ్లించింది.

3. 1968 – ఇంటి నుంచి సంస్థకు:
1968 ఏప్రిల్‌లో ఎస్సో ఎస్సెన్ అనే చమురు ఓడ కేప్ పాయింట్ సమీపంలో దెబ్బతింది. దాని నుంచి వేల టన్నుల ముడిచమురు సముద్రంలో కలిసింది. చమురంటిన పెంగ్విన్లు ఒడ్డుకు చేరసాగాయి. ఆ పక్షులను చేరదీసి సంరక్షించిన కేప్‌టౌన్ పౌరురాలు ఆల్తియా వెస్ట్‌ఫాల్ అదే సంవత్సరం తీరపక్షుల సంరక్షణ కోసం ఒక సంస్థను స్థాపించారు. సంక్షిప్తంగా శాన్‌కాబ్ అని పిలిచే ఆ సంస్థ నేటికీ పనిచేస్తోంది.

ఆనాటికి ఈ రంగంలో అనుసరించదగిన నమూనా ఎక్కడా లేదు. 1967లో టోరీ కాన్యన్ ఓడ బ్రిటన్ తీరంలో మునిగినప్పుడు పట్టితెచ్చిన సుమారు 8,000 పక్షుల్లో బతికినవి అతి స్వల్పం. 1971 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో రెండు చమురు ఓడలు ఢీకొన్నప్పుడూ ప్రజలు వేల పక్షులను చేరదీశారు గాని, బతికించగలిగినది కొన్ని వందలనే. ఆ అనుభవం తరువాత ఆలిస్ బెర్క్‌నర్ అనే నర్సు చొరవతో అక్కడ ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ సంస్థ ఏర్పడింది. ఈ రెండు సంస్థల పుట్టుకలోనూ సామ్యం ఉంది. రెండూ విపత్తు తరువాతనే పుట్టాయి. రెండింటికీ తొలి అడుగు వేసినవారు పక్షిశాస్త్ర ఆచార్యులు కారు.

1973లో దక్షిణాఫ్రికా సముద్రపక్షులు, సీల్ జంతువుల రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. అనుమతి లేకుండా ఈ ప్రాణులను పట్టడం నిషిద్ధమైంది. ఇలాంటి చట్టం ఉన్నచోట దారిన పోయేవారు ఇష్టానుసారం పక్షిని పట్టి ఇంటికి తీసుకుపోవడానికి వీలుండదు. స్వచ్ఛంద సేవకుడు అధికారుల అనుమతి ఉన్న ఏదో ఒక వ్యవస్థలో భాగం కావలసి ఉంటుంది. వ్యక్తిగత దయ సంస్థాగత శిక్షణగా మారడానికి ఇదీ దోహదం చేసిందని భావించవచ్చు.

4. పక్షిదేహం నిర్దేశించిన క్రమం:
శిక్షణలో ఏమి నేర్పారో తెలియాలంటే చమురు పక్షిని ఎలా చంపుతుందో తెలియాలి. ఈక మీది సన్నని పోగులు ఒకదానితో ఒకటి కొక్కేల్లా పెనవేసుకొని ఉంటాయి. ఆ అల్లిక మధ్య గాలి నిలిచి, చల్లని నీరు చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది. చమురంటితే ఆ అల్లిక చెదిరి నీరు లోపలికి చేరుతుంది. పక్షి దేహం చల్లబడుతుంది. చలికి తట్టుకోలేక ఒడ్డెక్కిన పెంగ్విన్‌కు ఆహారం ఉండదు. ముక్కుతో ఈకలు సవరించుకొనే అలవాటు వల్ల చమురు కడుపులోకి వెళ్లి పేగుల్లో పుండ్లు, రక్తహీనత కలుగుతాయి.

చమురంటిన పక్షిని చూడగానే ఎవరికైనా వెంటనే కడగాలనిపిస్తుంది. కొత్త కార్యకర్తలు మొదట మానుకోవలసినది ఈ తొందరనే. నీరసించిన పక్షికి కడగడమే ప్రాణాంతకమైన శ్రమ అవుతుంది. అందువల్ల సంరక్షణకు ఈ కింది క్రమం స్థిరపడింది.

మొదట పక్షిని వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచి, గొట్టం ద్వారా ద్రవాలు, చమురు విషాన్ని పీల్చుకొనే బొగ్గుపొడి కలిపిన మందు ఇవ్వాలి. కొన్ని రోజుల్లో అది తేరుకున్న తరువాతనే కడగాలి. ఒకరు పట్టుకోగా మరొకరు కడుగుతారు. తల, కళ్ల చుట్టూ పళ్లు తోముకొనే మెత్తని కుంచె వాడతారు. కడగడం కన్నా జాలించడం ముఖ్యం. సబ్బు కొద్దిగా మిగిలినా ఈకలు నీటిని ఆపలేవు. ఆపైన పక్షి ప్రతిరోజూ కొలనులో ఈదుతూ, ఈకలు సవరించుకుంటూ వాటి అల్లికను తానే తిరిగి నిలబెట్టుకుంటుంది. ఈ దశలో మనిషి చేయగలిగినది శుభ్రమైన నీరు, సరిపడా ఆహారం సమకూర్చడమే. బరువు, రక్తపరీక్ష, ఈకల స్థితి సరిగా ఉన్నాయని తేలాకనే విడుదల.

మేపడం మరొక విద్య. సముద్రంలో ఈదే చేపను వేటాడే పెంగ్విన్ మనిషి చేతిలోని చచ్చిన చేపను ఆహారంగా గుర్తించదు. తొలిరోజుల్లో పక్షిని మోకాళ్ల మధ్య కదలకుండా ఉంచి, ముక్కు తెరిచి, చేపను తలవైపు నుంచి గొంతులోకి పంపాలి. తోకవైపు నుంచి పంపితే పొలుసులు, రెక్కలు అడ్డుపడతాయి. నిల్వ ఉంచిన చేపల్లో బి1 విటమిన్ తగ్గిపోతుంది కనుక దానిని విడిగా అందించాలి. పెంగ్విన్ ముక్కు కత్తిలా కోస్తుంది కాబట్టి చేతి తొడుగులు లేకుండా తాకరాదు. ముద్దు చేయడం, మాట్లాడటం కూడా కూడదు. అడవిపక్షికి మనిషి సాన్నిధ్యం భయకారణం. ఆ భయం దాని కోలుకొనే శక్తిని హరిస్తుంది. ప్రేమతో వచ్చినవారికి ఆ ప్రేమను ప్రకటించవద్దని చెప్పవలసి రావడం ఈ శిక్షణలోని విశేషం.

5. 1994 – అపోలో సీ నేర్పిన పాఠం:
1994 జూన్‌లో, నెల్సన్ మండేలా దేశాధ్యక్షుడిగా ప్రమాణం చేసిన కొన్ని వారాలకే, సల్దానా అఖాతం నుంచి ఇనుప ఖనిజంతో బయలుదేరిన అపోలో సీ అనే ఓడ డాసెన్ దీవి సమీపంలో మునిగింది. అందులోని 36 మంది నావికులూ మరణించారు. ఓడ నడపడానికి ఉంచిన ఇంధన చమురు దీవులను చుట్టుముట్టింది. సుమారు 10,000 పెంగ్విన్లను సంరక్షణకు తీసుకురాగా దాదాపు సగమే బతికి బయటపడ్డాయి.

నష్టంలో అధికభాగం కడిగే తొట్ల దగ్గర జరగలేదు. దీవుల నుంచి తరలించేటప్పుడు, మొదటి కొద్దిరోజుల నిర్వహణలో ఎక్కువ పక్షులు మరణించాయి. చమురంటిన పక్షి నీటిలో చలికి గురైనా, ఇరుకుగా కిక్కిరిసిన పెట్టెల్లో అదే పక్షి వేడికీ, చమురు ఆవిరికీ ఉక్కిరిబిక్కిరవుతుంది. జనం ఉత్సాహానికి కొరత లేదు. పెట్టెలో ఎన్ని పక్షులుండాలి, గాలి ఎలా ఆడాలి, ఎంతసేపట్లో చేర్చాలి అనే ప్రాథమిక నిర్ణయాల దగ్గరే లోపం ఏర్పడింది. శిక్షణ అంటే కార్యకర్తకు మెళకువలు నేర్పడం మాత్రమే కాదని, రవాణా, నిల్వ, పర్యవేక్షణ కూడా అందులో భాగమని ఈ అనుభవం తెలియజేసింది.

6. 2000 – ట్రెజర్ ప్రమాదం:
2000 జూన్ 23న ట్రెజర్ అనే ఖనిజ రవాణా ఓడ రాబెన్, డాసెన్ దీవుల మధ్య మునిగింది. దానిలో సుమారు 1,300 టన్నుల ఇంధన చమురు ఉంది. ఆ సమయంలో ఈ రెండు దీవుల్లోనూ పెంగ్విన్లు పెద్దసంఖ్యలో పిల్లలను సాకుతున్నాయి. మండేలా ఖైదు కారణంగా ప్రపంచానికి తెలిసిన రాబెన్ దీవిలో పెంగ్విన్లు దాదాపు రెండు శతాబ్దాల క్రితమే అంతరించి, 1983లో తిరిగి గూళ్లు కట్టడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆ కొత్త స్థావరానికే ప్రమాదం వచ్చింది.

6.1 చమురంటిన పక్షులు: సుమారు 19,000 పక్షులను సంరక్షణకు తెచ్చారు. శాన్‌కాబ్ కేంద్రం వాటిలో కొద్ది భాగానికే సరిపోయింది. కేప్‌టౌన్‌లోని సాల్ట్ రివర్‌లో వాడుకలో లేని ఒక రైల్వే గిడ్డంగిని కొద్దిరోజుల్లోనే పక్షుల ఆసుపత్రిగా మార్చి, తాత్కాలిక కొలనులు నిలిపారు. ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ, జంతుసంక్షేమ అంతర్జాతీయ నిధి సంస్థ, అనేక దేశాల జంతుప్రదర్శనశాలల నుంచి అనుభవజ్ఞులు వచ్చారు. పనిచేసిన స్వచ్ఛంద సేవకుల సంఖ్య 12,500కు పైనే అని సాధారణంగా పేర్కొంటారు.

అనుభవజ్ఞులు వంద మందికి కొంచెం పైన, సేవకులు వేలల్లో. ఈ నిష్పత్తిలో పూర్తి విద్యను అందరికీ నేర్పడం అసాధ్యం. అందువల్ల సంరక్షణను చిన్న పనులుగా విడదీశారు. పట్టుకోవడం, చేప తినిపించడం, కడగడం, జాలించడం, ఆవరణలు శుభ్రం చేయడం, తువ్వాళ్లు ఉతకడం, చేపలు కరిగించి సిద్ధం చేయడం వేర్వేరు పనులయ్యాయి. గొట్టం ద్వారా ద్రవాలివ్వడం, రక్తపరీక్ష, విడుదల నిర్ణయం వంటి ప్రమాదభరితమైనవి అనుభవజ్ఞుల పరిధిలో ఉండిపోయాయి. పని చేస్తూ నేర్చుకున్నవారే తరువాత వచ్చినవారికి నేర్పేవారయ్యారు. ఈ బృందంలో పర్యవేక్షకురాలిగా పనిచేసిన డయాన్ డినాపోలి తన అనుభవాలను 2010లో పుస్తకంగా ప్రచురించారు.

ఈ విభజనలో గమనించవలసినది పక్షిని తాకని పనుల ప్రాధాన్యం. నేల కడిగేవారు లేకపోతే బూజు వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధులు ప్రబలుతాయి. తువ్వాలు ఉతికిన వ్యక్తి శ్రమ, కడిగిన వ్యక్తి శ్రమ ఒకే ఫలితంలో భాగాలు. ఛాయాచిత్రాల్లో మాత్రం కడిగే చేతులే కనిపిస్తాయి.

6.2 చమురంటని పక్షులు: 1994తో పోలిస్తే 2000లో కనిపించే పెద్ద మార్పు మరొకటుంది. ఇంకా చమురంటని సుమారు 19,500 పెంగ్విన్లను దీవుల నుంచి పట్టి, లారీల్లో 800 కిలోమీటర్లకు పైగా తూర్పుకు తరలించి, పోర్ట్ ఎలిజబెత్ దగ్గరి కేప్ రెసీఫ్ వద్ద సముద్రంలోకి వదిలారు. పెంగ్విన్లకు స్వస్థానాన్ని వెతుక్కొనే స్వభావం ఉంది. అవి ఈదుకుంటూ తిరిగివచ్చేలోగా తీరాన్ని శుభ్రం చేయవచ్చన్నది ఆలోచన. పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టిన మూడు పక్షులకు ఉపగ్రహ సంకేత పరికరాలు అమర్చారు. అవి రెండు మూడు వారాల్లో తమ దీవులకు చేరుకోవడాన్ని ప్రజలు ప్రతిరోజూ గమనించారు. తరలించిన పక్షుల్లో మరణాలు అతి స్వల్పం. గాయపడకముందే కాపాడటం కూడా రక్షణ విద్యలో భాగమని ఈ చర్య నిరూపించింది.

7. ఫలితాల గణన:
చమురంటిన పక్షుల్లో దాదాపు 90 శాతం విడుదలయ్యాయి. మొత్తం మీద మరణించిన పెద్దపక్షులు సుమారు 2,000. తల్లిదండ్రులు దూరమైన పిల్లలు మాత్రం వేల సంఖ్యలో చనిపోయాయి. కొన్ని వేల పిల్లలను చేతులతో పెంచారు.

విడుదల సంఖ్యనే విజయంగా లెక్కించడం సరికాదన్న విమర్శ ఈ రంగంలో బలంగానే ఉంది. కడిగి వదిలిన పక్షులు కొద్దికాలంలోనే చనిపోతాయనీ, ఆ ధనాన్ని ఆవాసాల రక్షణకు వెచ్చించడం మేలనీ కొందరు జీవశాస్త్రజ్ఞులు వాదించారు. కొన్ని ఇతర జాతుల విషయంలో ఆ వాదానికి ఆధారాలున్నాయి. కేప్ తీరంలో రెక్కలకు సంఖ్యాపట్టీలు తొడిగి వదలడం వల్ల ఈ ప్రశ్నకు సమాధానం వెతికే అవకాశం లభించింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు ఏళ్ల తరబడి గమనించి, కడిగిన పెంగ్విన్లు చాలాకాలం జీవించి, జతకట్టి, గుడ్లు పెడుతున్నాయని నిర్ధారించారు. పిల్లలను పెంచి పెద్దచేయడంలో మాత్రం వాటి సాఫల్యం కొంత తక్కువని కూడా వారే గుర్తించారు. చేతులతో పెంచిన పిల్లలు స్వేచ్ఛగా పెరిగిన పిల్లలతో సమానంగా బతికాయని తేలింది. సేవకుల శ్రమకు ఉన్న విలువను, లోపాన్ని రెండింటినీ నమోదు చేసినందువల్లనే ఈ చరిత్ర విశ్వసనీయమైంది.

8. శిక్షణకున్న పరిమితి:
2000 తరువాతి చరిత్ర ఈ విజయగాథకు భిన్నంగా సాగింది. సార్డీన్, ఆంకోవీ చేపల గుంపులు తూర్పువైపు జరగడం, మిగిలినవాటి కోసం చేపలవేట పడవలతో పోటీ ఏర్పడటం వల్ల పశ్చిమతీర దీవుల పెంగ్విన్లకు ఆహారం కరువైంది. ఈకలు రాల్చే కాలంలో పెద్దపక్షులు సుమారు మూడు వారాలు సముద్రంలోకి వెళ్లలేవు. ముందుగా తగినంత తినలేని తల్లిదండ్రులు పిల్లలను గూళ్లలోనే విడిచిపెడుతున్నాయి. 2006 నుంచి శాన్‌కాబ్ అలాంటి పిల్లలను తెచ్చి పెంచే కార్యక్రమం నిర్వహిస్తోంది. ట్రెజర్ కాలంలో నేర్చుకున్న మేపే విద్య ఇప్పుడు ఆకలి బాధితులకు ఉపయోగపడుతోంది.

అయినా పక్షుల సంఖ్య తగ్గుతూనే ఉంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని 2010లో ప్రమాదంలో ఉన్నదిగా, 2024లో తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది. జతల సంఖ్య 10,000 కంటే తక్కువకు పడిపోయింది. 2025 మార్చిలో, శాన్‌కాబ్ కూడా కక్షిదారుగా ఉన్న వ్యాజ్యంలో, ఆరు ప్రధాన స్థావరాల చుట్టూ సార్డీన్, ఆంకోవీ వేటను పదేళ్లపాటు నిషేధించే ఒప్పందాన్ని ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వుగా జారీచేసింది. పక్షులను కడగడానికి పుట్టిన సంస్థ న్యాయస్థానం మెట్లెక్కవలసి రావడం ఈ చరిత్రలో కీలకమైన మలుపు.

9. మన తీరానికి అన్వయం:
ఈ చరిత్రకు తెలుగు తీరంతోనూ సంబంధం లేకపోలేదు. 2017 జనవరిలో చెన్నై ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొన్నప్పుడు ఒడ్డుకు చేరిన చమురును జనం బకెట్లతో ఎత్తిపోశారు. 2023 డిసెంబరు వరదల్లో ఎన్నూరు కయ్యలోకి చమురు చేరినప్పుడు ఈకలు నల్లబడిన గూడబాతులు కనిపించాయి. ఆ జలాలు పులికాట్ సరస్సుతో కలిసి ఉన్నాయి. పులికాట్‌లో మేత మేసే గూడబాతులు నేలపట్టు చెట్లపై గూళ్లు కడతాయి. ఎన్నూరులో కలిసిన చమురు ఆంధ్ర తీరపు పక్షులకు పరాయి సమస్య కాదు. అయితే కేప్ పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకోవడం కుదరదు. ఎగరలేని పెంగ్విన్‌ను దీవిలో చుట్టుముట్టి పట్టవచ్చు. చమురంటినా ఇంకా ఎగరగలిగే గూడబాతును పట్టడమే కష్టం. ఇక్కడి పక్షుల స్వభావాన్ని బట్టి, ప్రమాదానికి ముందే సిద్ధం చేసిన బృందాలు అవసరం.

10. ముగింపు:
ఈ పరిశీలన ద్వారా కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

• కేప్ తీరంలో స్వచ్ఛంద సంరక్షణ విద్య ముందే రాసిన ప్రణాళికగా అమలు కాలేదు. 1968, 1994 ప్రమాదాల అనుభవం నుంచి క్రమంగా రూపొందింది.

• సంరక్షణను నేర్పదగిన చిన్న పనులుగా విభజించి, కష్టమైన నిర్ణయాలను అనుభవజ్ఞుల చేతిలో ఉంచడం వల్ల 2000లో వేలాది సామాన్యులు ప్రయోజనకరంగా పనిచేయగలిగారు.

• తొందరను, ముద్దుచేసే స్వభావాన్ని నిగ్రహించుకోవడం ఈ శిక్షణలో నైపుణ్యంతో సమానమైన స్థానం పొందింది.

• విడుదల తరువాత పక్షులను గమనించి, అనుకూల, ప్రతికూల ఫలితాలను రెండింటినీ ప్రచురించడం వల్ల సేవకు శాస్త్రీయ ప్రామాణ్యం కలిగింది.

• శిక్షణ పొందిన చేతులు పక్షిని బతికించగలవు. ఆ పక్షి తిరిగివెళ్లే సముద్రంలో చేప మిగలాలంటే వేట విధానాలు మారాలి. 32 ఏళ్ల అనుభవాన్ని 2025 నాటి న్యాయపోరాటంతో కలిపి చదివినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.